మేత షాపుకి సిస్టమ్ డైనమిక్స్ పనికొస్తుందా? మా నాన్నగారు నవ్వుతున్నారండి

భీమారం_కుర్రోడు
శనివారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం అండి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకోండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, నాన్నగారికి 14 ఏళ్లుగా రొయ్యల మేత డీలర్‌షిప్ ఉంది. నేను హైదరాబాద్‌లో డేటా ఉద్యోగం చేసుకుంటూ రెండు వారాలకోసారి వచ్చి షాపు లెక్కలు చూస్తుంటాను. ఆయన ఖాతా పుస్తకం, నాది ఎక్సెల్, ఇద్దరికీ ఎప్పుడూ పడదు.

విషయం ఏంటంటే పోయిన సీజన్లో అమ్మకం కాస్త పెరిగింది, పెరిగింది కూడా ఒక్కసారే, తర్వాత అక్కడే నిలబడింది. అయినా మా గోడౌన్ మాత్రం ఒక నెల ఖాళీ, ఇంకో నెల నడవడానికి సందు లేదు. చివరికి 70 బస్తాలు చెమ్మ పట్టి బూజొచ్చి పారబోశాం. నేను ఎక్సెల్‌లో వాట్ ఇఫ్ టేబుల్ పెట్టి అమ్మకం 10 శాతం పెరిగితే లాభం ఎంత, 20 పెరిగితే ఎంత అని నాన్నగారికి చూపించాను. ఆయన చూసి "ఒరేయ్ ఇందులో లారీ లేటుగా రావడం ఎక్కడుంది, రైతు డబ్బులు ఆపేయడం ఎక్కడుంది, అమ్మకం పెరిగితే లాభం పెరుగుద్దని చెప్పడానికి కంప్యూటర్ కావాలా" అన్నారు. మాట పడ్డాను గానీ ఆయన చెప్పింది నిజమే.

తర్వాత నెట్‌లో వెతుకుతుంటే సిస్టమ్ డైనమిక్స్ అని కనపడింది. పెద్ద పెద్ద కంపెనీలు "ఇలా చేస్తే ఏమవుద్ది" అని ముందే సిమ్యులేషన్ చేసి చూసుకుంటాయంట. మన సైజు వ్యాపారానికి అది పనికొస్తుందా, లేక దోమని కొట్టడానికి ఫిరంగా? వాడినవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి.


లెక్కల_మాస్టారు
శనివారం రాత్రి 11:20

బాబూ, కాకినాడలో ఇంజినీరింగ్ పిల్లలకి నేను చెప్పే సబ్జెక్టులో ఇదొక ముక్క, కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

నీ నాన్నగారు పట్టుకున్నది అసలు పాయింటు. నీ వాట్ ఇఫ్ టేబుల్లో టైమ్ లేదు. ఒక అంకె మారిస్తే ఇంకో అంకె మారుద్ది, అంతే. వ్యాపారం అలా నడవదు కదా, ఇవాళ చేసిన పని మూడు వారాల తర్వాత తిరిగొచ్చి మన మెడకే చుట్టుకుంటుంది, దాన్ని చూసి మనం ఇంకో పని చేస్తాం, అదీ తిరిగొస్తుంది. సిస్టమ్ డైనమిక్స్‌లో ఉండేవి మూడే మూడు సంగతులు. ఒకటి నిల్వ, అంటే గోడౌన్లో బస్తాలు, రైతుల దగ్గర బాకీ, బ్యాంకులో డబ్బు. రెండోది రాక, పోక. చెరువనుకో, ఒక తూములోంచి నీళ్లు వస్తాయి, ఇంకో తూములోంచి పోతాయి, మట్టం రెండింటి తేడాని బట్టి కదులుతుంది. మూడోది ఆ మట్టాన్ని చూసి మనం తూము ఎంత ఎత్తుతామన్న రూలు. నాలుగోది కూడా చెప్పాలి, ఆలస్యం. అదే అందర్నీ ముంచేది. (మూడే అని నాలుగు చెప్పాను, పిల్లలు కూడా ఇలాగే పట్టుకుంటారు.)

ఇది పుట్టిన కథ కూడా నీ గోడౌన్ కథలాంటిదే. జే ఫారెస్టర్ అసలు ఎలక్ట్రికల్ ఇంజినీరు, పాత కంప్యూటర్లలో వాడిన మాగ్నెటిక్ కోర్ మెమరీ మీద పనిచేసినాయన, 1956లో ఎంఐటీ మేనేజ్‌మెంట్ స్కూలుకి మారాడు. అప్పుడు జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లకి కెంటకీలో ఇంటి సామాన్లు చేసే ఫ్యాక్టరీల్లో ఒక తలనొప్పి ఉండేది. కొన్నాళ్లు మూడు షిఫ్టులు పని, కొన్నేళ్లు పోయాక చూస్తే సగం మంది ఇంటికి. మార్కెట్ అలా ఉంది మరి అనుకునేవాళ్లు. ఫారెస్టర్ వెళ్లి ఆర్డర్లు ఎలా పెడతారు, మనుషుల్ని ఎప్పుడు తీసుకుంటారు, స్టాకు ఎంత ఉంచుకుంటారు అని అడిగి, నోట్‌బుక్కులో గళ్లు గీసి పెన్సిల్‌తో వారం వారం లెక్క కట్టాడు. బయటనుంచి వచ్చే ఆర్డర్లు కదలకుండా ఉన్నా సరే లోపల ఉద్యోగాలు ఊగుతాయని తేలింది. కారణం మార్కెట్లో లేదు, వాళ్ల రూళ్లలోనే ఉంది. కంప్యూటర్ లేదు, ఏం లేదు, పెన్సిలే.

కాబట్టి ఫిరంగి అక్కర్లేదు. ఎక్సెల్‌లో ఒక్కో వరస ఒక్కో వారం అనుకుని మొదలుపెట్టు. ముందు నాన్నగారు ఆర్డర్ ఎలా పెడతారో రూలు రాసి ఇక్కడ పెట్టు.


ఆయ్_పాలకొల్లు
ఆదివారం ఉదయం 7:05

మాస్టారూ మీరంటే గౌరవం ఉందండి, ఆయ్, కానీ ఇవన్నీ ఎంబీఏ కబుర్లు. 2025 ఆగస్టులో అమెరికా వాడు మన సరుకు మీద 50 శాతం సుంకం వేశాడు, ఇక్కడ చెరువు గట్టు మీద రేటు ధడేల్‌మంది. మీ గళ్ల నోట్‌బుక్కులో ట్రంప్ గారు ఏ గడిలో కూర్చున్నారు? ముందే చెప్పిందా మీ మోడల్? చెప్పలేదు కదా. ఇక దేనికండి.


ఐస్‌ప్లాంట్_నరసాపురం
ఆదివారం ఉదయం 7:31

😂😂 ట్రంప్ గారి గడి. కానీ పాయింటే


భీమారం_కుర్రోడు
ఆదివారం మధ్యాహ్నం 3:15

మాస్టారూ, నాన్నగారిని భోజనం దగ్గర కూర్చోబెట్టి అడిగాను. మొదట "రూలేంటిరా, అనుభవం" అన్నారు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. చివరికి పుస్తకం తెచ్చి పాత ఆర్డర్లు చూపిస్తూ చెప్పింది ఇది: ప్రతి శనివారం గోడౌన్లోకి వెళ్లి బస్తాలు లెక్కెడతారు, 300 ఉండాలని ఆయన మనసులో లెక్క. ఆ వారం అమ్మినన్ని బస్తాలు, దానికి తోడు 300కి ఎన్ని తక్కువయ్యాయో అన్ని కలిపి ఆర్డర్ చెప్తారు. సరుకు మూడో వారానికి వస్తుంది.

నేను అదే పెట్టాను. ముందు వారానికి 100 అమ్మకం, 100 రాక, గోడౌన్లో 300, అంతా ప్రశాంతం. మొదటి వారం నుంచి అమ్మకం 120 చేశాను, ఆ తర్వాత అసలు ముట్టుకోలేదు. ఏమైందో చూడండి.

మొదటి శనివారం నిల్వ 280, ఆర్డర్ 140. రెండో వారం 260, ఆర్డర్ 160. మూడో వారం 240, ఆర్డర్ 180. నాలుగో వారం నుంచి పెద్ద ఆర్డర్లు దిగడం మొదలు, అయిదో వారానికి మళ్లీ 300, హమ్మయ్య అనుకున్నాను. అది ఆగలేదండి. ఏడు, ఎనిమిది వారాల్లో 400. అప్పుడు ఆర్డర్ 20కి పడిపోయింది, దాని దెబ్బ మూడు వారాలాగి తగిలి 12వ వారానికి గోడౌన్లో 100 మిగిలాయి. అక్కడ కంగారుపడి 320 ఆర్డర్. 16వ వారానికి 660 బస్తాలు!! అమ్మకం ఒక్క బస్తా కూడా కదల్లేదు, 120 అంటే 120.

నాన్నగారికి చూపిస్తే ఈసారి నవ్వలేదు. కళ్లజోడు పెట్టుకుని 12వ వారం గడి మీద వేలు పెట్టి "ఇది వినాయక చవితి వారం కదరా" అన్నారు. చవితికి మా గోడౌన్ నిజంగానే ఖాళీ అయింది.


లెక్కల_మాస్టారు
ఆదివారం మధ్యాహ్నం 3:50

శభాష్. ఇప్పుడు ఒక్కటి మార్చు. ఆర్డర్ చెప్పేముందు దారిలో ఉన్న సరుకు కూడా లెక్కెయ్యి. చెప్పేసి ఇంకా రానివి రెండు వారాల సరుకు, అంటే 240 ఉండాలి. అంతకంటే ఎక్కువుంటే ఆ మేరకి ఆర్డర్ తగ్గించు, తక్కువుంటే పెంచు. మిగతా రూలు అలాగే ఉంచు.


భీమారం_కుర్రోడు
ఆదివారం సాయంత్రం 4:22

మాస్టారూ!! మొదటి వారం ఆర్డర్ 180, రెండో వారం 120, మూడో వారం 120, ఇక అన్నీ 120. నిల్వ మూడో వారం 240కి దిగి, నాలుగో వారం 300కి వచ్చి అక్కడే కూర్చుంది. కదలడం లేదు. ఒక్క గడి!

ఇంత సింపులా? 14 ఏళ్లు ఎవరూ చెప్పలేదా ఆయనకి.


మండపేట_మిల్లు
ఆదివారం సాయంత్రం 5:10

తమ్ముడూ తొందరపడి నాన్నగారిని ఏమీ అనకు. దారిలో ఉన్న సరుకు ఆయనకి తెలీక కాదు, దాన్ని నమ్మడు, అంతే. కంపెనీ వాడు మూడు వారాలంటాడు, అయిదో వారానికి సగం పంపుతాడు. నమ్మకం లేనప్పుడు చేతిలో ఉన్నదే లెక్క. మేం కూడా గోనె సంచులకి అంతే, 5 వేలు కావాలంటే 10 వేలు చెప్తాం, ఎలాగూ సగమే ఇస్తారని.


లెక్కల_మాస్టారు
ఆదివారం సాయంత్రం 5:34

మిల్లు గారు చెప్పింది బంగారం. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ హౌ లీ, ఇంకో ఇద్దరు కలిసి 1997లో ఇలా ఆర్డర్లు ఊగిపోవడం మీద రాసినదాంట్లో నాలుగు కారణాలు చెప్పారు: కిందివాడి ఆర్డర్ చూసి డిమాండ్ అంచనా కట్టడం, ఆర్డర్లు పోగేసి ఒకేసారి పెట్టడం, స్కీములూ డిస్కౌంట్లూ, నాలుగోది మీరన్నదే, కొరత ఉన్నప్పుడు దొంగ ఆర్డర్లు. మీరు 10 వేలు అన్నప్పుడు సంచుల కంపెనీ వాడికి డిమాండ్ రెట్టింపైనట్టు కనపడుతుంది, వాడు ఇంకో మిషను వేస్తాడు, అది తిరిగేసరికి మీరు ఆర్డర్ మానేస్తారు.

క్లాసులో దీనికి ఒక ఆట ఆడిస్తాం, ఎంఐటీ వాళ్లదే, బీర్ గేమ్ అంటారు. రిటైలరు, హోల్‌సేలరు, డిస్ట్రిబ్యూటరు, ఫ్యాక్టరీ, నలుగురు నాలుగు చోట్ల కూర్చుంటారు, మాట్లాడుకోకూడదు, ఆర్డర్ చీటీలే. పేరు వినగానే పిల్లలు వెనక బెంచీల్లోంచి ఈలలు వేస్తారు, అందుకే నేను దాన్ని గోళీ సోడా ఆట చేశాను. కస్టమర్ కొనేది ఆట మొత్తంలో ఒక్కసారే మారుతుంది. ఆట అయ్యాక మీ కస్టమర్ ఎలా కొని ఉంటాడో గీయండి అంటే ప్రతి బ్యాచీ కొండలూ లోయలూ గీస్తుంది. అసలు గీత చూపించినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి.


అమలాపురం_అమ్మాయి
ఆదివారం రాత్రి 9:08

సరుకు లేని కంపెనీల్లో కూడా ఇదే జబ్బు ఉందండి. నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్ట్ ప్లానింగ్‌లో ఉన్నాను, పేరొద్దు. రెండేళ్ల క్రితం ఒక ప్రాజెక్టు లేటయింది, 8 మంది సీనియర్లు చేస్తున్నారు, పైవాళ్లు "మనుషుల్ని పెంచండి" అని 12 మంది ఫ్రెషర్లని తెచ్చి పడేశారు. ఎక్సెల్ లెక్కలో 8కి 12 కలిపితే 20, పని రెండున్నర రెట్లు అవ్వాలి. నేను చిన్న మోడల్ కట్టాను. కొత్తవాళ్లు మొదటి రెండు నెలలు ఒక్కొక్కళ్లు 0.3 మనిషి పని చేస్తారు అనుకుంటే 3.6. కానీ ఒక్కో కొత్తవాడికి చెప్పడానికి సీనియర్ల టైమ్‌లో పావు మనిషి పోతుంది, 12కి 3 మనుషులు. అంటే 8 లోంచి 3 తీసేసి 3.6 కలిపితే 8.6. ఇరవై మంది జీతాలు, ఎనిమిదిన్నర మంది పని. కొత్తవాళ్ల తప్పులు దిద్దుకోవడం ఇంకా కలపలేదు. ఆ 0.3, పావు ఎక్కడివని అడుగుతారేమో, టీమ్ లీడ్లు నలుగుర్ని విడివిడిగా అడిగి మధ్యస్తంగా తీసుకున్నాను, 0.2 నుంచి 0.5 దాకా మార్చి చూసినా మొదటి రెండు నెలల కథ పెద్దగా మారలేదు.

చూపిస్తే మేనేజర్ "బాగుంది, కానీ క్లయింట్‌కి హెడ్‌కౌంట్ కనపడాలి" అన్నాడు. అంతే సంగతులు. ఇద్దరు సీనియర్లు విసుగొచ్చి మానేశారు, అది నా మోడల్‌లో లేదు, నేనే పెట్టలేదు, పెట్టాల్సింది.


లెక్కల_మాస్టారు
ఆదివారం రాత్రి 9:40

అమ్మాయ్, నువ్వు వదిలేసిన "తప్పులు దిద్దుకోవడం" మీదే ఒక పెద్ద కేసు నడిచింది. అమెరికాలో ఇంగల్స్ షిప్‌యార్డ్ నేవీకి ఓడలు కడుతూ బాగా లేటయింది, ఖర్చు పెరిగిపోయింది. మధ్యలో మీరు డిజైన్లు మార్చబట్టే ఇదంతా అని నేవీ మీద క్లెయిమ్ వేసింది. ఒక మార్పు దగ్గర మొదలైన ఆలస్యం ఎక్కడెక్కడికి పాకి, ఎన్నిసార్లు చేసిన పనే మళ్లీ చేయించిందో సిస్టమ్ డైనమిక్స్ మోడల్ కట్టి చూపించారు. మార్పులే లేకపోతే ఏమయ్యేది అన్నదే అక్కడ వాట్ ఇఫ్. 1978లో 447 మిలియన్ డాలర్లకి రాజీ కుదిరింది. దేనికండి అని అడిగిన ఆయ్ గారికి ఇదొక జవాబు.


ఆయ్_పాలకొల్లు
ఆదివారం రాత్రి 10:15

అది అయిపోయినదాని లెక్కండి మాస్టారూ, జరగబోయేది కాదు. నేను అడిగింది జరగబోయేది.


లెక్కల_మాస్టారు
ఆదివారం రాత్రి 10:31

ఒప్పుకుంటాను. సుంకం ఎప్పుడు పడుద్దో ఏ మోడలూ చెప్పదు, చెప్తానన్నవాడిని నమ్మొద్దు. మోడల్‌ని అడగాల్సిన ప్రశ్న వేరు: "10వ వారంలో రేటు సడన్‌గా పడిందనుకో, నా ఇప్పటి రూళ్లతో నేను ఎన్ని వారాలు నిలబడతాను, ఏ రూలు మారిస్తే ఇంకో నాలుగు వారాలు ఎక్కువ నిలబడతాను?" దెబ్బని మనమే చేత్తో వేసి చూస్తాం. ట్రంప్ గారు గడిలో ఉండరు, ఆయన బయటనుంచి విసిరే రాయి. రాయి పడ్డాక చెరువులో అల ఎంతసేపు ఊగుద్దో అది మాత్రం చెరువు ఆకారాన్ని బట్టే ఉంటుంది.


ఆయ్_పాలకొల్లు
సోమవారం ఉదయం 6:48

రాత్రి పడుకుని ఆలోచించానండి. మా నాన్న కాలవ మీద తూములు ఎత్తి దించే లస్కరు. దాళ్వాలో వంతులవారీ నీళ్లిచ్చేవారు కదా, శివారు రైతులు వచ్చి "నీళ్లు రాలేదు, చేలు నెర్రెలు తీస్తున్నాయి" అని మా ఇంటి ముందు అరిచేవాళ్లు. పై నుంచి వదిలిన నీళ్లు శివారుకి దిగాలంటే రోజులు పడుద్ది, ధవళేశ్వరం దగ్గర ఎత్తగానే మా ఊరి తూములో రావు కదండి. ఆఫీసర్లు కంగారుపడి ఇంకాస్త ఎత్తమనేవాళ్లు, మర్నాడు ఇంకాస్త. మా నాన్న మాత్రం "ఎత్తింది చాలు, దారిలో ఉన్నాయి, ఆగండి" అనేవాడు, తిట్లు తినేవాడు. నాలుగో రోజుకి అంతా ఒకేసారి దిగి పల్లపు చేలు మునిగేవి, అప్పుడు మునిగినోళ్లు వచ్చి అరిచేవాళ్లు. ఆ కుర్రోడి 660 బస్తాలు అదే కదా? దారిలో ఉన్న నీళ్లు లెక్కెయ్యకపోవడం.

అలా అయితే నాకు అర్థమైంది. ఎంబీఏ కబుర్లు అన్నమాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. సగమే.


లెక్కల_మాస్టారు
సోమవారం ఉదయం 7:20

ఆయ్ గారూ, ఈ ఉదాహరణ రేపటినుంచి నా క్లాసులో వాడుకుంటాను, మీ నాన్నగారి పేరు మీదే. నేను ఇన్నేళ్లూ స్నానాల తొట్టె బొమ్మ వేసి చెప్తున్నాను, మన పిల్లల్లో ఎంతమందికి తొట్టె తెలుసు.


కడియం_మొక్కలు
సోమవారం ఉదయం 11:02

మీవన్నీ మూడు వారాల బాధలు, మాకు ఆలస్యం ఏడాది, రెండేళ్లు 🙏 ఒక రకం మొక్కకి గిరాకీ వస్తే నర్సరీలన్నీ అదే అంట్లు కడతాయి, అవి అమ్మకానికొచ్చేసరికి అందరి దగ్గరా అదే ఉంటది, కొనేవాడు ఇంకో రకం అడుగుతాడు. మిగిలినవి కుండీ ఖరీదుకి కూడా పోవు. రూలు మారుద్దామన్నా పక్కవాడు ఎన్ని కడుతున్నాడో ఎలా తెలుస్తుంది చెప్పండి.


ఐస్‌ప్లాంట్_నరసాపురం
సోమవారం మధ్యాహ్నం 1:44

భీమారం తమ్ముడూ నీ షీట్ చూసి నేను కూడా కట్టాను. అమ్మకం 120 బదులు 150 పెట్టి చూశా. 11వ వారంలో గోడౌన్లో మైనస్ 100 బస్తాలు ఉన్నాయి 😄 మా ఐస్ ప్లాంట్‌లో కూడా మైనస్ డిగ్రీలే ఉంటాయి గానీ మైనస్ దిమ్మలు ఎప్పుడూ చూడలేదు


భీమారం_కుర్రోడు
సోమవారం రాత్రి 8:55

అయ్యో నిజమే. వెతికితే దొరికింది. నిల్వ 300 దాటి బాగా పెరిగినప్పుడు ఆర్డర్ మైనస్‌లోకి పోతోంది, అంటే ఏడు, ఎనిమిది వారాల్లో నా షీట్ కంపెనీకి వారానికి 100 బస్తాలు వాపసు పంపేస్తోంది, ఏ కంపెనీ తీసుకుంటుందండి! ఆర్డర్ సున్నా కంటే తగ్గకూడదని పెట్టాను. అలాగే బస్తాలు లేకపోతే అమ్మకం కూడా జరగకూడదు, రైతు పక్క షాపుకి పోతాడు. అదీ పెట్టాను. 120 కేసులో నేను చెప్పిన అంకెలు మాత్రం మారలేదు, సరిచూసుకున్నా.

ఇంకోటి ప్రయత్నించాను. దారి సరుకు లెక్కెయ్యకుండానే, తక్కువైనదాన్ని ఒకే వారంలో పూడ్చకుండా మూడో వంతు చొప్పున పూడిస్తే? అప్పుడు కూడా కనిష్ఠం 240, గరిష్ఠం 318 దగ్గర ఆగి మెల్లగా సర్దుకుంటోంది. అంటే కంపెనీ లారీని నమ్మకపోయినా పర్లేదు, కంగారు తగ్గించుకుంటే చాలన్నమాట. మండపేట గారు చెప్పిన "నమ్మడు" సమస్యకి ఇదే నాకు ఎక్కువ నచ్చింది.


లెక్కల_మాస్టారు
సోమవారం రాత్రి 9:12

మైనస్ బస్తాలు పట్టుకున్న ఐస్ గారికి వంద మార్కులు. మోడల్‌ని ఎప్పుడూ అలాగే సతాయించాలి: అమ్మకం సున్నా పెట్టు, పదింతలు పెట్టు, లారీ అసలు రాకుండా చెయ్యి, పిచ్చి జవాబు ఎక్కడొస్తుందో చూడు. వారం బదులు సగం వారం చొప్పున నడిపి కూడా చూడాలి, కథ మొత్తం మారిపోతే లెక్క కట్టే పద్ధతిలో లోపం ఉన్నట్టు.


మండపేట_మిల్లు
మంగళవారం ఉదయం 6:30

మా మిల్లు సంగతి కూడా ఒకసారి చూడండి మాస్టారూ. సార్వా కోతలప్పుడు ధాన్యం రోజుకి 150 టన్నులు వచ్చి పడుతుంది, డ్రయ్యరు 80 ఆరబెడుద్ది, మర 90 ఆడుద్ది. కళ్లంలో గుట్టలు, పైన మబ్బు, ఏ రాత్రి వానొస్తుందోనని నిద్ర ఉండదు. మా అబ్బాయి ఇంకో డ్రయ్యరు వేద్దాం, బ్యాంకు లోను ఇస్తానంటోంది అని పోరు. వేస్తే ఏమవుద్ది?


అమలాపురం_అమ్మాయి
మంగళవారం ఉదయం 9:15

బాబాయ్ గారూ మాస్టారు క్లాసులో ఉంటారు, నేను కట్టి చూశాను. ఇప్పుడు డ్రయ్యర్ ముందు రోజుకి 70 టన్నులు పోగుపడుతున్నాయి. ఇంకో డ్రయ్యర్ వేస్తే 160 ఆరబెట్టగలరు, అంటే వచ్చిన 150 అంతా ఆరిపోతుంది, కానీ మర 90 దగ్గర ఆగుతుంది, అక్కడ రోజుకి 60 పోగుపడతాయి. గుట్ట 10 టన్నులే తగ్గింది, మిగతాది చోటు మారింది. ఒక్క సంగతి, తడి గుట్టకీ ఆరిన గుట్టకీ తేడా ఉంది, ఆరినది వాన భయం తక్కువ, మొలకెత్తదు, దానికి విలువ కట్టుకోవాలి. సరే మర కూడా పెంచారనుకోండి, అప్పుడు బియ్యం ఎక్కడ పెడతారు? ఇప్పుడే డ్రయ్యర్ ఇచ్చే 80 టన్నులకి, క్వింటాకి 67 కిలోల చొప్పున, రోజుకి దాదాపు 54 టన్నుల బియ్యం. మీ దగ్గర నుంచి ప్రభుత్వ గోడౌన్‌కి రోజుకి ఎంత దిగుతుంది?


మండపేట_మిల్లు
మంగళవారం ఉదయం 9:40

సీజన్లో 40 దిగితే గొప్ప. లారీలు అక్కడ లైన్లో రెండ్రోజులు ఉంటాయి.


అమలాపురం_అమ్మాయి
మంగళవారం ఉదయం 9:47

అయితే ఇప్పటికే రోజుకి దాదాపు 14 టన్నుల బియ్యం మీ గోడౌన్లోనే ఉండిపోతోంది. డ్రయ్యర్ లోనుకంటే ముందు అక్కడ చూడండి బాబాయ్ గారూ. నేను మిల్లు మనిషిని కాదు, మీ అంకెలు మీరే సరిచూసుకోండి.


మండపేట_మిల్లు
మంగళవారం ఉదయం 10:20

ఇది మా అబ్బాయికి చూపిస్తా. చాలా థాంక్స్ అమ్మా. వాడు మాత్రం డ్రయ్యరే కావాలంటాడు, ఆల్రెడీ ఫొటోలు స్టేటస్‌లో పెట్టాడు.


కడియం_మొక్కలు
మంగళవారం మధ్యాహ్నం 12:30

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? ఎక్సెల్ నాకు అంత రాదు


అమలాపురం_అమ్మాయి
మంగళవారం మధ్యాహ్నం 1:05

వెన్సిమ్ పీఎల్ఈ సొంతంగా నేర్చుకోవడానికి ఫ్రీ, డబ్బాలు, బాణాలు గీసుకుంటూ పోతే లెక్క అదే కడుతుంది. ఇన్‌సైట్ మేకర్ అయితే బ్రౌజర్లోనే ఫ్రీగా నడుస్తుంది, మీకు అదే సులువు. స్టెల్లా బాగుంటుంది గానీ కొనాలి. పైథాన్ వచ్చినవాళ్లు పైఎస్‌డీ చూడండి, వెన్సిమ్‌లో గీసిన మోడల్ని తెచ్చుకుని నడపొచ్చు. నిజం చెప్పాలంటే మొదటి మోడల్ కాగితం మీదే గీయండి. సాఫ్ట్‌వేర్ తెరిస్తే పది నిమిషాల్లో నలభై డబ్బాలు అవుతాయి, ఏది ఎందుకు పెట్టామో మనకే తెలీదు.


భీమారం_కుర్రోడు
బుధవారం రాత్రి 11:10

ఇంకో డబ్బా పెట్టానండి, మా అసలు రోగం అదే. బాకీ.

మా దగ్గర మేత అరువుకే పోతుంది, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక రైతు కడతాడు. లెక్క సులువుకి బస్తా 2,500 అనుకుందాం. వారానికి 100 బస్తాలు, 14 వారాల్లో డబ్బు తిరిగొస్తే ఊళ్లో మా డబ్బు ఎప్పుడూ 35 లక్షలు తిరుగుతుంటుంది. ఇప్పుడు రేటు పడిందనుకోండి, రైతు ఇంకాస్త సైజు పెరగనీ, రేటు లేస్తుందేమో చూద్దాం అని పట్టుబడి ఆపుతాడు, ఆపినన్నాళ్లూ మేత మన దగ్గరే తీసుకుంటాడు. 14 వారాలు కాస్తా 18 అయితే 45 లక్షలు. అమ్మకం పెరగలేదు, 10 లక్షలు మాత్రం అదనంగా ఇరుక్కుపోయాయి. అమ్మకం 120 అయి, వసూలు 18 అయితే 54 లక్షలు. నా పాత ఎక్సెల్లో అమ్మకం 20 శాతం పెరగడం అంటే సంతోషం. ఇందులో అది 19 లక్షలు బయట ఇరుక్కోవడం, కంపెనీకి మాత్రం మేం అడ్వాన్స్ కట్టాలి.

ఇక్కడ నాన్నగారు నన్ను మళ్లీ ఆపారు. నేను రేటు పడితే రైతులు సీడ్ (చెరువులో వేసే రొయ్య పిల్లలు) తగ్గిస్తారు, నాలుగు నెలలకి సరుకు తగ్గి రేటు లేస్తుంది అని ఒక లూపు గీశాను, 2011లో కోనసీమలో వరికి క్రాప్ హాలిడే చేశారు కదా అలా అని. ఆయన "రేటు మన చేతిలో ఉందా, ఈక్వడార్ వాడు మార్కెట్లోకి రొయ్యలు దింపితే మనం ఎంత తగ్గించినా లేవదు" అన్నారు. కరెక్టే. అందుకని రేటుని లూపులోంచి తీసేసి బయటపెట్టాను, మాస్టారు చెప్పిన రాయి లాగా. ఇప్పుడు షీట్‌లో మా చేతిలో ఉన్నవి మూడే: ఆర్డర్ రూలు, ఒక్కో రైతుకి అరువు ఎంతవరకు, ఎన్ని వారాల తర్వాత మేత ఆపాలి.

మూడోది నడిపి చూస్తే ఒక చిక్కు కనపడింది. 15వ వారం దాటగానే మేత ఆపేస్తే బాకీ తగ్గట్లేదు, పెరుగుతోంది. ఎందుకంటే మేత ఆపితే రొయ్య ఎదగదు, చిన్న సైజులోనే పట్టేస్తాడు, డబ్బు తక్కువొస్తుంది, పూర్తిగా కట్టలేడు. రూలు పెట్టింది డబ్బు కాపాడుకోడానికి, జరిగేది ఇంకోటి.


ఆయ్_పాలకొల్లు
గురువారం ఉదయం 6:15

ఈ మాట మేత డీలర్లందరికీ గోడ మీద రాయించండి. నాకు రెండేళ్ల క్రితం 80 రోజుల చెరువుకి మేత ఆపేశారు, ఏ షాపో చెప్పను. 100 కౌంట్‌లోనే, అంటే కిలోకి వంద తూగే చిన్న సైజులోనే పట్టేశాను. ఆ బాకీ ఇప్పటికీ ఉంది, వాళ్లకి రాలేదు, నాకు నిద్ర లేదు.


లెక్కల_మాస్టారు
గురువారం ఉదయం 7:30

కుర్రోడా, మేత ఆపితే ఎదుగుదల ఎంత పడుద్దని పెట్టావు? అంకె ఎక్కడిది? ఆ ఒక్క అంకె మీదే నీ చిక్కు మొత్తం నిలబడి ఉంది. ఆయ్ గారి లాంటి నలుగురు రైతుల్ని అడుగు. సగానికి తగ్గించి నడుపు, రెట్టింపు చేసి నడుపు. రెండు వైపులా బాకీ పెరిగితేనే నమ్ము.


భీమారం_కుర్రోడు
ఆదివారం సాయంత్రం 6:40

అంకె నాదే మాస్టారూ, ఊహ. ఆయ్ గారితో, మా ఖాతాలో ఇంకో ముగ్గురు రైతులతో మాట్లాడాను. సగం చేసి నడిపితే బాకీ పెరగట్లేదు, ఉన్నచోటే ఉంటోంది. రెట్టింపు చేస్తే బాగా పెరుగుతోంది. అంటే ఆపడం వల్ల లాభం మాత్రం ఏ లెక్కలోనూ కనపడలేదు. పూర్తిగా ఆపకుండా కొంత నగదు, కొంత అరువు పెడితే ఎలా ఉంటుందో ఇంకా నడుపుతున్నాను, వచ్చాక పెడతా.

నాన్నగారి సంగతి చెప్పాలి. నిన్న శనివారం గోడౌన్ లెక్కెట్టి వచ్చి, ఖాతా పుస్తకంలో స్కేలు పెట్టి ఒక కొత్త గడి గీశారు. పైన "లారీలో" అని రాసుకున్నారు. అందులో 240 వేసి, ఆర్డర్ ఫోన్ చేసి 120 చెప్పారు. ఫోన్ పెట్టేశాక నా వైపు చూసి "ఇంకో 20 చెప్పనా, రేపు పండగ లారీలు లేటవుతాయి" అన్నారు.

చెప్పమన్నాను. పండగ ఆలస్యం నా షీట్‌లో లేదు.


ఐస్‌ప్లాంట్_నరసాపురం
ఆదివారం సాయంత్రం 7:02

షీట్ అందరికీ పెట్టు తమ్ముడూ, మైనస్ బస్తాలు తీసేసినది 😄